ఖాళీ కాంట మీద అరవై కిలోలు

మక్తల్ దాటి రాయచూరు రోడ్డు వట్టుకోని జరంత దూరం పోతే, ఎడమదిక్కు ఒక ధర్మకాంట ఉంటది. లారీలు, ట్రాక్టర్లు ఎక్కి తూకం వేయించుకునే జాగా. పొద్దుగూకినంక దాని ముందట బండి ఆపొద్దంటుండ్రి జనం. ఆపినా హారన్ కొట్టొద్దంటుండ్రి. కొట్టినా సరే... ఖాళీ కాంట దిక్కు మాత్రం చూడొద్దంటుండ్రి.

ఎందుకంటే దాని మీద ఎవ్వలుండరు. కానీ బరువుంటది.

అరవై కిలోలు.

నేను నా కండ్లతోని చూడలే, విన్నదే చెప్తున్న. నాకు చెప్పినోళ్లు అబద్ధమాడే రకం కాదు, జర కారం మసాలా కలిపే రకం. ఆ మసాలంత నేను తీసి పక్కకు వెట్టిన. మిగిలింది గిది.

తెలంగాణ వచ్చిన మూడో ఏడు. ఆ కాంట కాడ ఇరవై ఏండ్ల సంది కూసుంటున్న మనిషి బీరన్న. బక్కపల్చటోడు, నోట్లె నాలుక లేనోడు. బండి ఎక్కంగనె తూకం చీటీ ఇయ్యమని డ్రైవర్లు లొల్లి వెడితే, "జర ఆగు కొడుకా, కాంటను దమ్ము తీసుకోనియ్యి" అంటుండె. గంతకుమించి మాట్లాడకపోతుండె. కందులు మార్కెట్‌కు వచ్చే కాలంల, కుర్సీల కూసున్నోడు కూసున్నట్టే పోయిండు.

దినాలైనంక కాంట సేటు కమలాకర్, బీరన్న బిడ్డను పిలిపిచ్చిండు. బిడ్డ పేరు ప్రవళిక. పాలమూరుల కంప్యూటర్లు బాగుచేసే దుకాణంల మూడేండ్ల సంది పని. చెయ్యి మంచిది, నోరు ఇంకా మంచిది. వచ్చే నెల మక్తల్‌లనే సొంత దుకాణం తెరుద్దామని ఒక మడిగె కిరాయికి మాట్లాడుకున్నది సుత.

"బిడ్డా, మీ నాయిన ఉన్నన్ని దినాలు నేనేమనలే. గీ కంప్యూటర్ మస్తు మెల్లగున్నది. ఒక్కో బండికి గంటసేపైనట్టున్నది. లారీలోళ్లు వేరే కాంటకు పోతున్నరు. జర చూడరాదు" అన్నడు సేటు.

అది పాతకాలపు కంప్యూటర్. ప్రవళిక తొట్లె ఉన్నప్పటిది. నల్ల తెర, పచ్చ అక్షరాలు, మౌస్ లేదు. తూకం ప్రోగ్రాము దాంట్ల తప్ప వేరే దాంట్ల నడవదాయె, గందుకే సేటు దాన్ని మార్చలే. డబ్బా ముందట చిన్న అద్దంల 33 అని పచ్చ అంకె. దాని పక్కన ఒక బటన్. బటన్ మీద నల్ల టేపు... టేపు మీద ఇంకో టేపు, దాని మీద ఇంకోటి.

చూసి ప్రవళికకు నవ్వొచ్చింది. అది టర్బో బటన్. నొక్కితే ప్రాసెసర్ రెండింతలు ఉరుకుతది. "ఓ నాయినా! ఇరవై ఏండ్లు బ్రేకు తొక్కుకోనే బండి నడిపినవా" అనుకున్నది. గోటితోని టేపు గీకింది. నొక్కింది. 33 పోయి 66 వచ్చింది. ఎనిమిది సెకన్లకు వచ్చే తూకం నాలుగు సెకన్లకే వచ్చింది. సేటు శెభాష్ అన్నడు. ఆ పొద్దు ప్రవళిక ఇంటికి పోయేటప్పుడు ఏడ్పు నడుమ జర గర్వపడ్డది.

ఆ వారమే మొదలైంది.

లింగస్వామి అని ఒక ట్రాక్టర్ డ్రైవర్. రాత్రి కందుల లోడు తూకం వేయించుకోని కాంట దిగిండు. బండి దిగంగనె ఒకసారి మీట నొక్కి సున్న చూసుకునుడు ఆ కాంట కాడ బీరన్న వెట్టిన అలవాటు. పగలు బండ్ల రద్దీల ఎవలు చూస్తరు? రాత్రి తీరిక గనుక సేటు నొక్కిండు.

సున్న రాలే.

60.

చీటీ కోసం వచ్చిన లింగస్వామి తెర చూసిండు, కిటికీలకెల్లి కాంట చూసిండు. ఇనుప రేకు మీద వెన్నెల తప్ప ఏం లేదు.

"సేటూ... బీరన్న ఎంతుంటుండె?"

"అరవై ఉంటుండెనేమో..."

ఇగ గంతే! లింగస్వామి చీటీ సుత తీసుకోకుంట ఉరికిండు. తెల్లారేవరకు ఊరంత తెలిసింది. కాంటలు తనిఖీ చేసి ముద్రలేసే సర్కారు సార్లు వచ్చి, ఇనుప తూకం బాట్లు వెట్టి చూసిండ్రు, గింజ తేడా లేదు. యంత్రం మంచిదే అయితే మిగిలింది బీరన్ననే గదా అన్నరు జనం. జనం నోటికి తలుపుంటదా? ఇంకో మాట లేపిండ్రు. "బతికినన్నాళ్లు తూకంల కొట్టిండు. గందుకే కాంట వదుల్తలేడు."

ఆ మాట బీరన్న పెండ్లాం పుష్పమ్మ చెవిల వడ్డది. ఆమె ఏడవలే, మాట్లాడలే, అన్నం ముట్టలే. దాని మీదికెల్లి ఇంకో కబురు. అమాస పొద్దుగాల అమ్రాబాద్ దిక్కుకెల్లి మంత్రగాడు వస్తడట. కాంట అంచుకు జానెడు మేకు కొట్టి బీరన్నను ఆడనే కట్టేస్తడట. ఇగ ఎన్నటికీ కదలకుంట.

"ఎవడు కొడ్తడో కొట్టుమను! మా నాయినకు మేకా?" అన్నది ప్రవళిక. అమాసకు ముందు రోజు, చీకటి వడంగ, స్క్రూడ్రైవర్ల సంచి వేసుకోని కాంట కాడికి బయలెల్లింది. పొయ్యేటప్పుడు లింగస్వామి ఇంటి ముందట నిలబడ్డది.

"మామా, దెయ్యాన్ని చూసినోనివి నువ్వే. లోడుతోని ట్రాక్టర్ తియ్యి."

"వద్దు బిడ్డా... గీ రాత్రి అసలే..."

"వస్తవా, నన్నే నడుపుమంటవా?"

లింగస్వామి వచ్చిండు. సేటు సుత వచ్చిండు గని, కంప్యూటర్ ఉన్న కాబిన్ గడప దాటి లోపలికి రాలే.

ట్రాక్టర్ ఎక్కింది. నాయిన కుర్సీల కూసోని ప్రవళిక మీట నొక్కింది. అయిదువేల తొమ్మిదివందల నలభై. సరే. ట్రాక్టర్ దిగింది, రోడ్డు మీదికి పోయి ఆగింది. దిగంగనె మళ్ల నొక్కింది.

తెర ఒకసారి మినుక్కుమన్నది...

60.

బయట రేకు టక్కుమన్నది. జరాగి... మళ్ల టక్కు. ఎవలో ఒక కాలు మీదికెల్లి ఇంకో కాలు మీదికి బరువు మార్చుకున్నట్టు.

"అగో... వచ్చిండు" అన్నడు సేటు.

ప్రవళికకు భయం కాలే అంటే అది అబద్ధం. కానీ ఆమెకు భయం కంటె ముందు దుఃఖం వచ్చింది, దుఃఖం ఎనుకనే కోపం వచ్చింది. సంచిలకెల్లి సుత్తె తీసుకోని బయటికి పోయింది. చీకట్ల కాంట నడుమ నిలబడ్డది.

"నాయినా... నువ్వేనా?"

గాలి లేదు. రోడ్డు మీద ట్రాక్టర్ ఇంజన్ ఒక్కటే కొట్టుకుంటాంది.

"నువ్వయితే నీ ఇష్టం, ఉండు. వేరేటోడివైతే దిగు. మా నాయిన పేరు వెట్టుకోని కూసున్నవంటే నీ బొక్కలిరుగుతయి చూడు!"

ఎవ్వలు దిగలే. కాళ్ల కింద రేకు మళ్ల టక్కుమన్నది. ఒంగి చెయ్యి వెట్టి చూసింది. పగలంత ఎండకు కాలిన ఇనుము చలికి సల్లారుతాంది. గదే టక్కు.

లోపలికి వచ్చి తెర చూసింది. 60.

చూసి ఆగిపోయింది. "సేటూ, నేను కాంట మీద నిలబడ్డప్పుడు గీ అంకె మారిందా?"

"మారలే. నేను అండ్లకెల్లి కన్ను తియ్యలే."

"నేను యాభై కిలోలున్న. నేనెక్కితే పెరగాలె గదా?"

సేటు గడప మీదికెల్లి మెడ సాచి తెర చూసిండు.

"ఇది ఇప్పటి తూకం కాదు. నేను నొక్కినప్పుడు పట్టుకున్నది, గంతే" అని మళ్ల నొక్కింది. నాలుగు సెకన్లు.

0.

"పోయిండు!" అన్నడు సేటు.

"వస్తే గదా పోయెతందుకు! వేరే బండ్లోళ్లకు ఎంత చూపెట్టింది?"

"పత్తి లారీ దిగినప్పుడు నూట నలభై. ఇంకొకన్ని తోడు తెచ్చుకున్నడన్నరు జనం."

ప్రవళిక ఫక్కున నవ్వింది. బండి బరువుంటే దెయ్యం బరువు, బండి తేలికయితే దెయ్యం తేలిక! ట్రాక్టర్‌ను మళ్ల ఎక్కిచ్చింది, దించింది, దిగినంక ఆగి ఆగి నొక్కింది. జరాగి నొక్కితే ఇరవై. ఇంకో జరాగితే పది. ఆరు సెకన్లు దాటితే సున్న. బండి ఎక్కినా దిగినా ఆ ముసలి కాంట అంకె నిలవడానికి ఆరు సెకన్లు పడ్తాంది. ప్రోగ్రాము లోపల లెక్క వెట్టుకుంటది, లెక్క ఒడిసినంక అంకె పట్టుకుంటది. కంప్యూటర్ మెల్లగ ఉంటే లెక్క ఎనిమిది సెకన్లకు ఒడుస్తది. ఉరికితే...

నవ్వు ఆగిపోయింది.

డబ్బా ముందట అద్దంల పచ్చగ 66. దాని పక్కన బటన్. దాని చుట్టు టేపు జిగురు మరకలు.

బటన్ నొక్కింది. 33. ట్రాక్టర్‌ను ఎక్కిచ్చింది. ఎనిమిది సెకన్లు. ఆ ఎనిమిది సెకన్లు ఆమెకు ఎనిమిదేండ్లయినయి.

ఆరువేలు.

ఇందాక అయిదువేల తొమ్మిదివందల నలభై చూపెట్టిన బండే. అంకె పూర్తిగ ఎక్కకముందే పట్టుకున్నది. నిండు బండికి ఎక్కువ తప్పు, ఖాళీ బండికి తక్కువ తప్పు, ఒక దాంట్లకెల్లి ఒకటి తీసేస్తే నడుమ పోయింది రైతు గింజ. బాట్లు వెట్టి చూసిన సార్లకు తేడా రాలేదంటే ఎట్లొస్తది? బాట్లు కదలకుంట కూసుంటయి. రాత్రిపూట ఒక్కోసారి కనవడ్డ దెయ్యం, నెలరోజుల సంది పగలంత ప్రతి బండిల ఎక్కి తిన్నది.

బీరన్నకు కంప్యూటర్ తెల్వదు. ఆ బటన్ నొక్కితే తూకం తప్పుతదని మాత్రం ఎరుక. గందుకే టేపు మీద టేపు వేసిండు. దాన్ని గీకి దెయ్యాన్ని లేపింది ఎవలో కాదు... ఆయన బిడ్డనే.

సేటుకు సుత సమజయింది. గడప దాటి లోపలికి వచ్చి, తలుపు దగ్గరికి వేసిండు.

"బిడ్డా, జర ఇను. గిది బయటవడితే రైతులు నన్ను బతకనియ్యరు. నిన్ను సుత. కంప్యూటర్ బాగుచెయ్యమంటే ఊరి గింజ పోగొట్టిన పొల్ల అంటరు, నీ దుకాణం మెట్టు ఎవడన్న ఎక్కుతడా? రేపు మేకు కొట్టనియ్యి. మనం గీ బటన్‌ను గిట్లనే 33 మీద ఉంచుదం. దెయ్యం పోయింది అనుకుంటరు, ఖతం. చచ్చినోనికి పేరెందుకు బిడ్డా? బతికినోళ్లకు కావాలె."

ఆ మాటల ఒక్కటి సుత అబద్ధం లేదు, గదే ప్రవళికను భయపెట్టింది. మాట్లాడుకున్న మడిగె యాదికొచ్చింది, మూడేండ్ల కష్టం యాదికొచ్చింది.

"ఏమాయె బిడ్డా? ఉన్నడా?" అని రోడ్డు మీదికెల్లి లింగస్వామి ఒర్రిండు.

"పొద్దుగాల రా మామా, చూపెడ్త" అన్నది.

తెల్లారింది. కాంట చుట్టు మంది. మంత్రగాడు పసుపు పూసిన మేకు, సుత్తె, నిమ్మకాయలు పరిచిండు. పుష్పమ్మ కొంగు నోటికి అడ్డం వెట్టుకోని దూరంగ నిలబడ్డది.

"బీరన్న పేరు మీదనే గదా కొట్టేది?" అని మంత్రగాడు మేకు ఎత్తిండు.

"ఆగు!"

మందిని నెట్టుకోని ప్రవళిక వచ్చి కాంట నడుమ నిలబడ్డది. కిటికీ కాడున్న లింగస్వామిని పిలిచింది.

"మామా, మీట నొక్కు. నొక్కి, ఎనిమిది లెక్కవెట్టు. ఎంతొచ్చిందో అందరికి ఇనవడేటట్టు చెప్పు."

లింగస్వామి లెక్కవెట్టిండు.

"యాభై!"

"గదీ దెయ్యం బరువు" అన్నది ప్రవళిక. "మా నాయిన ఉన్నన్నాళ్లు మీ గింజ ఒక్కటి పోలే. కాంట నిలిచేదాక ఆగుండ్రి అంటే మీరు ఆయనను తిట్టిండ్రు. ఆయన పోయినంక కంప్యూటర్‌ను ఉరికిచ్చింది నేను. తప్పుడు తూకం నాది. నూటికి కిలో చొప్పున నెలరోజులు మీ కందులు, మీ పత్తి పోయినయి. మా నాయినను దెయ్యమన్న నోళ్లు ముయ్యుండ్రి. దెయ్యాన్ని నేను! కొడితే నాకు కొట్టుండ్రి మేకు. దుకాణానికి రాకుంటే రాకుండ్రి, ఉమ్మితే ఉమ్ముండ్రి. ఆయన జోలికి పోతే మాత్రం ఊకోను."

ఒకడు తిట్టిండు. ఇంకొకడు "మా గింజలెవడిస్తడు" అని మీదికొచ్చిండు. లింగస్వామి అడ్డం నిలబడ్డడు, "బీరన్నను ముందుగల్ల దెయ్యమన్న పాపిష్టి నోరు నాది" అని చెంపలేసుకున్నడు. ఈ లొల్లిల సేటు మెల్లగ తన మోటర్ సైకిల్ దిక్కు జరగవట్టిండు.

మంత్రగాడు మేకు చేతుల వట్టుకోని అయోమయంగ చూసిండు. "ఇగ దీన్నేం చెయ్యాలె?"

నెలరోజుల సంది నోరు తెరువని పుష్పమ్మ, కొంగు నడుముకు చెక్కి ముందటికొచ్చింది.

"తెచ్చిన మేకు ఊకెనే పోనియ్యకు అయ్యా" అన్నది. "గా సేటును వట్టుకొచ్చి, కుర్సీల కూసోవెట్టి, అంగీని కుర్సీకి కలిపి కొట్టు. చీటీలన్ని మళ్ల రాసేదాక లేవొద్దు."