ఆపరేషన్ ‘గిఫ్ట్’

“అయిదింటి రైలు ఎక్కేదాకా ప్రొఫెసర్ బతికుండాలి. అంతే నీ పని,” అన్నాడు చీఫ్ ఓగ్రెన్. “పరాయి దేశపు మనిషి ఇప్పటికే ప్రొఫెసర్ ఉండే లుండ్‌లో దిగాడట. ఎవరో తెలీదు. మన ఏజెంట్ ఇర్మా నీకు తోడుంటుంది.”

తోడు! ఆ మాట విని ఎన్నేళ్లయిందో సిగ్వార్డ్‌కి. యాభై రెండేళ్లొచ్చాయి, స్టాక్‌హోమ్‌లో అతని తలుపు తట్టేవాడు పోస్ట్‌మ్యాన్ ఒక్కడే.

ప్రొఫెసర్ లిండ్మార్క్ పైకి నిఘంటువులు రాసుకునే ముసలాయన. నిజానికి దేశం సీక్రెట్ కోడ్‌లన్నీ ఆయన బుర్రలోంచి పుట్టినవే. మూడు గంటలకు లైబ్రేరియన్ వేషంలో సిగ్వార్డ్, సెక్రటరీ వేషంలో ఇర్మా ఆయన గదిలో కాఫీకి కూర్చున్నారు.

“ఇవాళ ‘గిఫ్ట్’ దగ్గరికొచ్చానోయ్,” అన్నాడు ప్రొఫెసర్ హుషారుగా. “ఇంగ్లీషువాడికి అది కానుక. జర్మన్‌కి విషం. మన స్వీడిష్‌లోనో, విషమూ అదే, పెళ్లయినవాడూ అదే!”

“మనవాళ్లకి అనుభవం ఎక్కువ లెండి,” అంది ఇర్మా. ముగ్గురూ పగలబడి నవ్వారు.

“అన్నిటికీ మూలం ఇవ్వడమే తల్లీ! పిల్లనిస్తే పెళ్లి. వైద్యుడిచ్చే మోతాదుని గ్రీకులు ‘ఇచ్చినది’ అన్నారు. జర్మన్లూ అదే దారి పట్టారు. పోనుపోను ఆ మోతాదు కాస్తా విషమై కూర్చుంది.”

ఇర్మా సిగ్వార్డ్ వైపు తిరిగింది. “మీకు పెళ్లయిందా?”

“లేదండీ.”

“అయితే ఆదివారం నాతో సినిమాకి రండి.”

సిగ్వార్డ్ గుండె ఝల్లుమంది. ఇర్మా ప్రొఫెసర్ కప్పు నింపింది. ప్లేటులో మిగిలిన ఒకే ఒక్క బాదం కేకు ముక్క తీసి నోట్లో వేసుకుంది.

అతను బిగుసుకుపోయాడు. స్వీడన్‌లో పుట్టినవాళ్లెవరూ చివరి ముక్క ముట్టరు. సగం కోసుకుంటారు, ఇంకొకరు ఆ సగంలో సగం, అలా రవ్వంత మిగిలేదాకా. ఇర్మా మాత్రం స్వీడన్‌లోని కాల్మార్‌లోనే పుట్టి పెరిగానని అంతకుముందు చెప్పింది.

ప్రొఫెసర్ కప్పు ఎత్తాడు. అది పెదాలకు తగలబోతుండగా సిగ్వార్డ్ చెయ్యి విసిరాడు. కప్పు గోడకు తగిలి భళ్లున పగిలింది. ఇర్మా హ్యాండ్‌బ్యాగ్‌లోంచి పిస్టల్ తీసేలోపే ఆమె మణికట్టు అతని పిడికిట్లో ఉంది.

“ఎలా కనిపెట్టారు?”

“కేకు తిన్నారు.”

“సినిమా మాట మాత్రం నిజమే,” అంది నెమ్మదిగా. అతను నమ్మలేదు. నమ్మాలని మాత్రం ప్రాణం కొట్టుకుంది.

ప్రొఫెసర్ అయిదింటి రైలెక్కాడు. కాఫీలో సయనైడ్ ఉందని ల్యాబ్ తేల్చింది. చీఫ్ ఫోన్ చేశాడు.

“శభాష్! కానీ ఆవిడ కేకు తిన్నాక నాలుగు సెకన్లు కదల్లేదట నువ్వు. ప్రొఫెసర్ చెప్పాడు. అంతసేపు ఏం చేశావయ్యా?”

“ఆకలేసి తిన్నదేమోనని ఆశపడ్డాను సార్.”