ఆ మూడు నెలలు

"మగోడు ఆపరేషన్ చేయించుకునుడేంది? నా ఇంట్ల ఆ ముచ్చట తీయొద్దంటే తీయొద్దు!"

నరహరి తోసిన కంచం గచ్చు మీద జర్రున పోయి గోడకు కొట్టుకుంది. మటన్ కూర, జొన్నరొట్టె ముక్కలు చెల్లాచెదురయ్యాయి. నాలుగేళ్ల మనవరాలు రిషిత బెదిరిపోయి అమ్మమ్మ కొంగులో దూరింది. ఆదివారం కదా అని చంద్లాపూర్ నుంచి భార్యాపిల్లలతో వచ్చిన అల్లుడు మహేందర్, నోటి దాకా తెచ్చిన ముద్దను అలాగే పట్టుకుని కూర్చుండిపోయాడు!

అతను అన్నదేమైనా తప్పు మాటా? "మాకు ఇద్దరు పిల్లలు చాలు మామా. శ్వేతకు కోత వద్దు. నేనే చేయించుకుంటా. రేపు సోమవారం దవాఖానకు పోతున్నం" అన్నాడు. అంతే!

శ్వేత ఒళ్లో చంటివాడికి పాలిస్తూ వెక్కి వెక్కి ఏడ్చింది. "బాపూ! రెండో కాన్పుల నాకు రక్తం లేక ఎట్లయిందో నువ్వు సూడలేదా? గోలీలు వేసుకుంటే తల పగిలిపోతుంది. కాపర్‌టీ పెట్టించుకుంటే నెలల సగం దినాలు రక్తం పోవుడే. తీపిచ్చేసుకున్న. ఇగ ఆయననే అన్నడు, నీకెందుకు తిప్పలు, నేను చేయించుకుంట అని. గంత మంచి మాటకు నీకు గింత కోపమేంది?"

"నీకు తెల్వదు, ఊకో! రేపు నీకేమన్న అయితే ఎవ్వడు జిమ్మెదారి?"

"నాకేమైతది బాపూ? కోత నాకు కాదు కద!"

 నరహరి చెప్పులు కుడిది ఎడమకు, ఎడమది కుడికి తొడుక్కుని బయటికి వెళ్లిపోయాడు.

"నేను మూడోదాన్ని, అండ్ల ఆడిపిల్లను పుట్టిన. అందుకే అమ్మా, చిన్నప్పటి సంది ఆయనకు నేనంటే గిట్టదు" అంది శ్వేత కళ్లు తుడుచుకుంటూ.

 తల్లి స్వరాజ్యం కింద పడ్డ మెతుకులు ఒక్కొక్కటే ఏరింది. భర్త ఎందుకు అరిచాడో ఆ ఇంట్లో ఆమె ఒక్కదానికే తెలుసు... ఆ తెలియడమే పాతికేళ్లుగా ఆమె గుండెల మీద కూర్చున్న బండరాయి!

వంటింట్లో అంట్లు ముందేసుకుని కూర్చుంది గానీ, ఆమె కళ్ల ముందు ఉన్నది ఆ గిన్నెలు కావు... సిద్దిపేటలో వాళ్లు కాపురం పెట్టిన కిరాయి ఇల్లు. అందులో సగం గది నిండా మగ్గం. నరహరి మగ్గం కింది గుంటలో కాళ్లు పెట్టుకుని గొల్లభామ చీర నేసేవాడు. చీర అంచు మీద తల మీద కుండ పెట్టుకుని గొల్లభామలు ఒక్కొక్కరే లేచి నిలబడుతుంటే, స్వరాజ్యం పక్కనే రాట్నం మీద నూలు కండెలు చుట్టేది. పోగుల మధ్య అటూ ఇటూ ఉరికే నాడెలో నూలు అయిపోగానే అతను తల ఎత్తేవాడు కాదు, నోరు విప్పేవాడు కాదు. ఊరికే చేయి చాపేవాడు. అంతే! ఆ చేతిలో నిండు కండె పడేది. "ఏమే, వాని చెయ్యికి నువ్వేమన్న దారం కట్టినవా? అడగకముందే అందిస్తవ్!" అని అత్త సాయవ్వ నవ్వేది. ఒక్క కప్పు చాయ్ తెప్పించుకుని, సాసర్‌లో సగం ఆమెకు పోసి, మిగిలిన సగం అతను తాగేవాడు. ఎన్ని పట్టుచీరలు పెడితే తిరిగొస్తాయి ఆ రోజులు!

నాగేశ్ పుట్టాడు. తర్వాత శైలజ. శైలజ కాన్పులో స్వరాజ్యం బతకడమే గొప్ప. ఒంట్లో చుక్క రక్తం లేదు, ఈమెకు ఇప్పుడు ఆపరేషన్ చెయ్యలేమన్నారు డాక్టర్లు. గోలీలు ఇచ్చారు. ఇద్దరు పిల్లలతో, రాట్నంతో, ఆమెకు ఒకనాడు వేసుకున్నది గుర్తుంటే ఒకనాడు ఉండేది కాదు. అప్పుడు నరహరి ఎవరికీ చెప్పకుండా పోయి, కోత, కుట్టు లేని మగవాళ్ల ఆపరేషన్ క్యాంపులో పేరు రాయించుకుని వచ్చాడు!

హోటల్ కాడ మగవాళ్లంతా పడి పడి నవ్వారట. "ఏందిరో నరహరి, ఇగ నువ్వు కూడ కండెలు చుడుతవా?" అన్నారట. "నా పెండ్లాం రెండుసార్లు సావు దాకా పోయొచ్చింది. నేనొక్క సూది పొడిపించుకుంటే నా మీసాలు ఊడిపోతయా?" అన్నాడట నరహరి. ఆ మాట ఎవరో వచ్చి చెబితే, స్వరాజ్యం తలుపు వెనకాల నిలబడి ఏడ్చింది. ఏ ఆడదానికి దక్కుతుంది అంత ప్రేమ!

ఆపరేషన్ అయిన రోజు కాళ్లు ఎడంగా పెట్టుకుని నడుస్తూ వచ్చాడు. చేతిలో ఒక కవరు. దాని నిండా నిరోధ్ పొట్లాలు!

"ఇవెందుకు ఇచ్చిన్రు?"

"ఏమో! ఆ మందిల ఏదో చెప్పిన్రు, నేను సిగ్గుతోని సగం ఇనలే, జల్ది ఉరికొచ్చిన. ఆపరేషనే అయినంక ఇంక ఇవేం చేసుకుంటం? సర్కారోళ్లకు ఎక్కువైనట్టున్నయ్!"

ఇంట్లో ఏ వస్తువూ పారేసే అలవాటు లేని మనిషి. మర్నాటి నుంచి ఒక్కో పొట్లం చింపి, దానికున్న జిడ్డును నాడెకు రాసేవాడు. "సూడు స్వరాజ్యం, చేపపిల్ల లెక్క ఎట్ల ఉరుకుతుందో!" అని పిల్లాడిలా నవ్వేవాడు. ఆమె కూడా నవ్వింది. కడుపు పట్టుకుని నవ్వింది. అయ్యో... ఆ నవ్వు ఎంత పని చేసిందో అప్పుడేం తెలుసు!

చివరి పొట్లం నాడెకు రాసిన కొన్నాళ్లకే ఆమెకు వాంతులు మొదలయ్యాయి.

మగ్గం దగ్గరికి పోయి భయంభయంగా చెప్పింది. నాడె సగం దారిలో ఆగిపోయింది. అతను తల ఎత్తి ఆమె ముఖంలోకి చూశాడు.

"ఎవ్వనిది?"

ఆ ఒక్క మాట! కొట్టినా బాగుండేది! స్వరాజ్యం నర్సమ్మ దగ్గరికి పరుగెత్తింది. ఆపరేషన్ అయ్యాక కూడా మూడు నెలల దాకా జాగ్రత్త పడాలని నర్సమ్మ విడమరిచి చెబితే, పోయిన ప్రాణం తిరిగొచ్చినట్టయి, దారిలో చెప్పు తెగినా ఆగకుండా ఇంటికి వచ్చి చెప్పింది. నరహరి అంతా విన్నాడు. "నర్సును మంచిగనే పట్టినవ్!" అన్నాడు. పోనీ, పోయి పరీక్ష చేయించుకొమ్మని కాళ్లు పట్టుకుంది. "అది కూడ ఊరంతా తెల్వాల్నా?" అన్నాడు. వారం తిరగకముందే మగ్గం వదిలేసి బొంబాయి దగ్గరి భివండి పోయాడు, మరమగ్గాల మీద పనికి.

వెళ్లగొట్టలేదు. తిట్టలేదు. పైసలు పంపాడు, పండుగలకు వచ్చాడు. చూసేవాళ్లకు అదొక సంసారమే! మగవాడు భార్య కోసం ఒక్క మేలు చేస్తే చాలు, ఆ మేలుకు తగ్గట్టు ఆమె నడిచిందా లేదా అని జన్మంతా కాపలా కాస్తాడు. ఎవరూ చేయని త్యాగం చేశాను, నాకే ఇట్లా చేసిందా అనే పుండును నరహరి పాతికేళ్లు ఆరనివ్వలేదు. నాగేశ్‌ను, శైలజను రెండు చంకలా ఎత్తుకుని బతుకమ్మ చూపించడానికి కోమటిచెరువు దాకా పోయేవాడు. మూడోది వెనకాల నడిచేది... పాపం, శ్వేత అచ్చు తల్లి పోలిక. ముక్కయినా తండ్రిది వచ్చి ఉంటే ఎంత బాగుండేదో! ఆ పిల్లను అతను ఎత్తుకోలేదు, రోడ్డు దాటేటప్పుడు వేలు కూడా అందించలేదు. భివండి వదిలేసి ఇంటికొచ్చేశాక కూడా, స్వరాజ్యం వైపు ఆ చేయి మళ్లీ ఎన్నడూ చాపలేదు.

సోమవారం పొద్దున శ్వేత, మహేందర్ బయల్దేరుతుంటే, స్వరాజ్యం లోపలి గదిలో ఒక్కడే ఉన్న భర్త ఎదురుగా పోయి నిలబడింది.

"నాగేశు నాయినా... నీ భయమేందో నాకెరుకే. నా బతుకైనట్టే ఆ పిల్ల బతుకు కూడ అయితదని భయం. అంతే కద? ఇన్నేండ్లల్ల నిన్ను ఏమన్న అడిగిన్నా? ఇయ్యాల అడుగుతున్న. నువ్వు కూడ రా. నీ నోటితోనే డాక్టరమ్మను అడుగు."

నరహరి ఆమె ముఖం చూడలేదు. కానీ తువ్వాల భుజాన వేసుకుని లేచాడు.

మనవరాలిని పక్కింట్లో వదిలి అందరూ దవాఖానకు వెళ్లారు. డాక్టరమ్మ శ్వేతనూ మహేందర్‌నూ ఎదురుగా కూర్చోబెట్టుకుని ఓపికగా మాట్లాడింది. మూడు నెలలకోసారి వేసే సూది ఉంది, వారానికోసారి వేసుకునే గోలీ ఉంది, ఎవరి ఒంటికి ఏది పడితే అది తీసుకోవచ్చు, తొందరేమీ లేదంది. ఇక పిల్లలు వద్దే వద్దని ఇద్దరికీ మనసులో గట్టిగా ఉంటేనే ఆపరేషన్ అంది.

"గట్టిగనే ఉంది మేడం. నాకే చెయ్యిండ్రి" అన్నాడు మహేందర్.

గోడకు ఆనుకుని నిలబడ్డ నరహరి ఒక్కసారిగా ముందుకు వచ్చాడు.  "డాక్టరమ్మా! ఆపరేషన్ అయినంక గూడ నా బిడ్డకు కడుపొస్తే? అప్పుడు దాని గతేంది? ఎవలు నమ్ముతరు దాన్ని?"

నా బిడ్డ!  పాతికేళ్లలో శ్వేత గురించి ఆ మాట అతని నోట వినడం స్వరాజ్యానికి అదే మొదటిసారి!

"మంచి మాట అడిగినవ్ పెద్దాయనా" అంది డాక్టరమ్మ. "ఆపరేషన్ అయిన తెల్లారే అంతా బంద్ కాదు. ముందే తయారైన బీజాలు లోపల నాళంలో ఉంటయి. అవి పోయేదాకా ప్రమాదమే."

మోటర్లు బాగుచేసే షాపు నడిపే మహేందర్‌కు వెంటనే అర్థమైంది. "మోటర్ బంద్ చేసినంక కూడ పైపుల మిగిలిన నీళ్లు కారినట్టు. గంతే కద మేడం?"

"గంతే! అందుకని ఆపరేషన్ ఒక్కటే నమ్ముకోవద్దు. మూడు నెలలు నిరోధ్ కూడ వాడాలె, రెండూ కలిసి నడవాలె. తర్వాత పరీక్ష చేసి, ఏం లేవని మేము చెప్పినంకనే ఇది ఆపాలె. ఈ మూడు నెలలు ఖాతరు చెయ్యకుంటే ఆమెకు గర్భం రావచ్చు. అది ఆమె తప్పు కాదు."

సొరుగులోంచి పొట్లాలు తీసి బల్ల మీద పెట్టింది. నరహరి ఒకటి చేతిలోకి తీసుకున్నాడు. దాన్ని బొటనవేలితో మెల్లగా నలిపాడు... లోపల జిడ్డు జారింది. అతని ముఖం సున్నం కొట్టినట్టు తెల్లబడిపోయింది.

శ్వేత, మహేందర్ చంటివాడితో ఆపరేషన్‌కు ముందు చేసే రక్త పరీక్షకు వరుసలో నిలబడ్డారు. వరండాలో బెంచీ మీద ఒక చివర నరహరి, ఇంకో చివర స్వరాజ్యం. మధ్యలో ఇద్దరు కూర్చునే జాగా.

"స్వరాజ్యం... అన్నీ నాడెకే రాసిన."

"ఎరుకే. నేను కూడ నవ్విన."

"నువ్వు చెప్పినవ్... అప్పుడే నువ్వు ఇదే మాట చెప్పినవ్ కదనే!"

అంతే... ఇన్నేళ్లు ఆపుకున్న ఏడుపు కట్ట తెగింది. "చెప్పిన! చెప్పు తెగితే ఉత్త కాళ్లతోని ఉరికొచ్చి చెప్పిన! ఇదే మాట! నేను చెప్తే నీకు పాతికేండ్లు చెవికెక్కలే. ఆమె ఎవ్వలో చెప్తే ఒక్క నిమిషంల ఎక్కింది! గింత సులువా నాగేశు నాయినా? గీ ఒక్క నిమిషం కోసమా నా వయసంతా కాలిపోయింది?"

నరహరి కిందికి వంగి ఆమె పాదాలు పట్టుకోబోయాడు. ఆమె గబుక్కున కాళ్లు వెనక్కి తీసుకుంది. "లే! అల్లుడు సూస్తడు."

"సూడనీ! బిడ్డకు కూడ చెప్త, నేనెంత పాపినో..."

"వద్దు!" స్వరాజ్యం గొంతు కత్తిలా కోసింది. "నీ కడుపు సల్లవడుతదని దాని కడుపుల చిచ్చు పెడతవా? మూడోదాన్ని పుట్టిన, అందుకే బాపుకు కోపం అనుకుంటుంది. గంతవరకే ఉండనీ. నా తల్లి మీద మా బాపు గంత మాట అన్నడా అని అది ఎన్నటికీ తెలుసుకోవద్దు. అది నేను కాపాడుకుంట వచ్చిన. నీకు చేతనైతే, ఇప్పటి నుంచన్నా దానికి తండ్రివి కా."

అతను తువ్వాల నోట్లో కుక్కుకుని ఏడ్చాడు. ఆమె ఊరుకోమనలేదు. ఏడవనిచ్చింది.

బయటికి వచ్చేసరికి రోడ్డు నిండా బస్సులు, ఆటోలు. ఆపరేషన్‌కు తేదీ రాయించుకుని, పొట్లాల కవరు జేబులో పెట్టుకుని, చంటివాడిని ఎత్తుకుని మహేందర్ ముందు దాటేశాడు. శ్వేత అడుగు వేయబోతుండగా, ఒక ముతక చేయి వచ్చి ఆమె చేతిని గట్టిగా పట్టుకుంది.

"అయ్యో బాపూ, నేనేమన్న చిన్నపిల్లనా?" అంది శ్వేత, ఆశ్చర్యంగా, సిగ్గుగా.

"నడువు బిడ్డా... బండ్లొస్తున్నయ్."

ఇద్దరు పిల్లల తల్లి అయిన కూతురిని చేయి పట్టుకుని రోడ్డు దాటించాడు నరహరి. అవతలి గట్టున శ్వేత తన చేతి వంక తానే చూసుకుంటూ నిలబడింది. స్వరాజ్యానికి కళ్లు మసకబారి రోడ్డు కనబడలేదు. తుడుచుకుని చూసేసరికి అతను మళ్లీ ఇవతలికి వచ్చి ఆమె పక్కన నిలబడి ఉన్నాడు.

"నేనొస్త పో. ఇన్నేండ్లు ఒక్కదాన్నే దాటిన" అంది స్వరాజ్యం.

నరహరి ఏమీ అనలేదు. తల ఎత్తలేదు. ఊరికే చేయి చాపాడు... ఆనాడు మగ్గం గుంటలో కూర్చుని చాపినట్టే!

అందులో పెట్టడానికి ఆమె దగ్గర కండె లేదు. కొంతసేపు ఆ చేతిని అలాగే ఉండనిచ్చింది. తర్వాత తన చేయి పెట్టింది.