ముప్పై ఒకటి దగ్గర ఆగిన మీటరు

వాల్వ్ కట్టేద్దామని తిప్పితే పిడి కాస్తా డాక్టర్ వృషభేంద్ర చేతిలోకి ఊడొచ్చింది. సిలిండర్ బుస్సుమంటూనే ఉంది. అందులోది ఆర్గాన్. విషమూ కాదు, వాసనా లేదు. గదిలోని గాలిని నెట్టేసి ఆ చోట తాను కూర్చుంటుంది, అంతే. గంటలో మనిషికి పీల్చుకోవడానికేమీ మిగలదు.

సరిగ్గా అప్పుడే లైన్ కరెంటు పోయి, దొంగల భయానికి పెట్టించిన కరెంటు తాళం తలుపుకు దానంతటదే పడింది. అది లోపలినుంచీ తెరుచుకోదు.

ఆ గది ఆయన పదేళ్ల కష్టం. తంగేడాకు కషాయంతో మాంగనీస్ ఆక్సైడ్ నానో కణాలు తీశాడు. చింతకాయ పెంకుల్ని గాలి తగలకుండా ఆర్గాన్‌లో కాల్చి కార్బన్ చేశాడు. రెండూ కలిపి రేకులకు పూస్తే, కరెంటు దాచిపెట్టే సూపర్ కెపాసిటర్‌కి ఎలక్ట్రోడ్ తయారు! ఒక్కసారి నింపితే కాలనీలో రెండువందల ఇళ్లకు రోజంతా కరెంటు. లైన్ పోతే ఈ తాళమూ దానిమీదే నడుస్తుంది. పాత బ్యాటరీ అయితే పది నిమిషాల్లో చచ్చి, తలుపు దానంతటదే తెరుచుకునేది. చూడండి కర్మ, ఆ బ్యాటరీని పీకి పారేసిందీ ఆయనే.

గోడ ఫోను అందుకున్నాడు. బయట కషాయం కాచే గంగరత్నమ్మ ఎత్తింది.

"గంగరత్నమ్మా, లోపల చిక్కుకుపోయాను! గ్యాస్ లీకవుతోంది!"

"అయ్యో సార్! ఫైరింజను రావాలంటే గంటన్నర పడతాది. తలుపు పగలగొట్టేదా?"

"ఉక్కు తలుపు, పగలదు. కెపాసిటర్ మీటరు నూటికి ముప్పై ఒకటి చూపిస్తోంది. ఇరవైకి పడితే తాళం అదే వదిలేస్తుంది. ఇంటింటికీ పోయి చెప్పు. మోటార్లు, గ్రైండర్లు, ఇస్త్రీపెట్టెలు అన్నీ వేసేయమను. కరెంటు తగలెయ్యమను!"

"మీరేనా సార్ ఈ మాట అంటా ఉండేది?"

"నేనే తల్లీ! పరుగెత్తు!"

ఆర్గాన్ కిందినుంచి నిండుతుంది. ఆయన బల్లెక్కి నిలబడ్డాడు. మీటరు ముప్పై ఒకటి. ఇంకాసేపటికీ ముప్పై ఒకటే. అప్పుడు గుర్తొచ్చింది. పొదుపు నేర్పాలని నెలకోసారి "ఇవాళ కరెంటు దండిగా ఉంది, ఎంతైనా వాడుకోండి" అని మైకులో చెప్పించేవాడు. నమ్మి గ్రైండరు వేసినవాళ్ల పేర్లు సాయంత్రానికి నోటీసు బోర్డెక్కించేవాడు. కిందటిసారి మొదటి పేరు గంగరత్నమ్మదే.

ఫోను మోగింది.

"ఇంటింటికీ తిరిగినా సార్. నేను కూడా మొదట నిజమే అనుకుంటి. అందరూ నన్ను చూసి ఒకటే నవ్వు. మళ్లీ పరీక్ష పెట్టినాడు మీ సారు అని, తిరిగే ఫ్యాన్లు కూడా ఆపేసినారు."

"కాదు... గంగా... నిజంగా..."

"ఆయాసం కూడా భలే తెప్పిస్తా ఉండారే!" ఆమె కిసుక్కున నవ్వింది. "ఈసారి బోర్డు మీద ఒక్క పేరు కూడా రాయలేరు సార్, చూసుకోండి."

ఫోను పెట్టేసి, పొయ్యి మీది కషాయం కలపడానికి వెళ్లిపోయింది.