శనివారం ఆరేసిన దుప్పట్లు

శనివారం పొద్దున్నే నోలీన్ వంటింటి కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంది. కప్పులో టీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా ఆకాశంలోకే చూస్తోంది. ఎక్కడో ఉత్తరాన, మారీ అనే ఊళ్ళో, తెల్లవారుతూనే పందెం పావురాల బుట్టల మూతలు తీసి ఉంటారు. తమ ఊరు పోర్ట్ పిరీ పావురాలన్నీ ఈపాటికి ఇళ్ళ దారి పట్టి ఉంటాయి.

పావురాలు మొగుడు డెస్‌వి. దాణా వేసిందీ, గూడు కడిగిందీ, జబ్బు చేసినవాటిని ఒళ్ళో పెట్టుకుని చూసుకుందీ మాత్రం నోలీనే. డెస్ పోయాక పావురాల పందేల క్లబ్బు పెద్ద వాలీ వచ్చి, "నీకెందుకొదినా ఈ తలనొప్పి? పావురాల్ని మేం పంచుకుంటాం," అన్నాడు. ఆమె ససేమిరా అంది. చివరికి అతనే దిగొచ్చాడు. "సరే, ఈ పందెంలో గడువులోగా ఒక్క పావురాన్ని దింపి చూపించు. బోర్డు మీద నీ పేరు రాస్తాం. దిగకపోతే మాత్రం పావురాలు మావి."

అడిలైడ్ నుంచి వచ్చిన కూతురు కెర్రీకి ఇదంతా ఒళ్ళుమంట.

"ఆ ముసలాళ్ళు నిన్నెప్పటికీ కలుపుకోరమ్మా. నాతో వచ్చెయ్. గది సర్ది ఉంచాను కూడా."

"ఇవాళ్టి పందెం కానీవే. తర్వాత చూద్దాం."

రాత్రంతా నిద్ర లేదేమో, ఎండెక్కేసరికి నోలీన్‌కి కునుకు పట్టింది. ఫటఫటమనే చప్పుడుకి ఉలిక్కిపడి లేచింది. పెరట్లో దండెం మీద రెండు తెల్ల దుప్పట్లు గాలికి ఎగిరెగిరి పడుతున్నాయి. గూటి కప్పు మీద నీలిచారల పెట్ట, తన పెట్టే, మెడ సాచి వాటినే చూస్తోంది.

పావురాలవాళ్ళ ఇంట్లో పుట్టిన ఏ పిల్లనడిగినా చెబుతుంది, పందెం రోజున దండెం మీద జేబురుమాలు కూడా ఉండకూడదని. తెల్లగా ఏది కదిలినా పావురం దిగదు. అది గూట్లోకి దిగాలి, కాలికున్న రబ్బరు ఉంగరం తీసి, వచ్చిన వేళ అచ్చువేసే పందెం గడియారంలో వెయ్యాలి. అప్పుడే లెక్క. అంతదూరం ఎగిరొచ్చి కప్పు మీద కూర్చుంటే రానట్టే.

"తీసేస్తానమ్మా," అంటూ కెర్రీ తలుపు దగ్గరికి వెళ్ళింది.

"కదలకు! నిన్ను చూస్తే ఇంకా బెదురుతుంది."

నోలీనే దాణా డబ్బా గలగలలాడిస్తూ, మెల్లగా ఈల వేస్తూ మెట్ల దాకా వెళ్ళింది. సరిగ్గా అప్పుడే దుప్పటి ఫట్‌మంది. పెట్ట ఎగిరి పక్కింటి కప్పు మీద వాలింది. నోలీన్ వెనక్కి వచ్చేసింది. తల్లీకూతుళ్ళిద్దరూ కిటికీ వెనక నిలబడ్డారు. చూడ్డం తప్ప చెయ్యగలిగిందేమీ లేదు.

"శనివారమని మర్చిపోయావా?" అడిగింది తల్లి.

కెర్రీ కిటికీ నుంచి మొహం తిప్పుకుంది. "మర్చిపోలేదు."

"ఏంటీ?"

"చిన్నప్పుడు నా పుట్టినరోజు నాడు కూడా పెరట్లో అడుగు పెట్టనివ్వలేదు నాన్న. పావురాలొస్తాయని. ఇది దిగకపోతే నువ్వు నాతో వచ్చేస్తావనుకున్నా. నువ్విక్కడ ఒంటరిగా ఉంటే నాకు నిద్రపట్టట్లేదమ్మా."

నోలీన్ అరవలేదు. అరిచినా బాగుండేదనిపించింది కెర్రీకి.

"అక్కడికొచ్చి నేనేం చెయ్యనే? అక్కడ ఎవరినడిగినా కెర్రీ వాళ్ళమ్మ అంటారు. ఇక్కడ డెస్ పెళ్ళాం. ఒక్కసారి నా పేరుతో..."

ఎప్పటికో గాలి పడిపోయింది. పెట్ట తనంతట తనే దిగి, తాపీగా నడుచుకుంటూ గూట్లోకి వెళ్ళింది. అప్పటికే గడువు దాటిపోయింది. నోలీన్ ఏడుస్తూనే ఉంగరం తీసి గడియారంలో వేసింది.

సాయంత్రం తల్లీకూతుళ్ళు క్లబ్బుకి వెళ్ళారు. అలవాటు ప్రకారం, అందరి ముందూ గడియారాలు తెరిచారు. నోలీన్‌ది చూసి వాలీ మొహం చిట్లించాడు.

"ఇంతసేపేంటొదినా? దారి తప్పిందా?"

"లేదు. వచ్చి కప్పు మీద కూర్చుంది. నా బుద్ధి గడ్డి తిని దుప్పట్లు ఆరేశాను."

గదంతా గొల్లుమంది. "పందెం నాడు దుప్పట్లా!" అని ఎవరో పొట్ట పట్టుకున్నారు. నోలీన్ తల దించుకుంది. ఆ దించుకున్న తలని కెర్రీ చూడలేకపోయింది.

"అమ్మ కాదు," అంది లేచి నిలబడి. "ఆరేసింది నేను. కావాలనే."

నవ్వులు ఆగిపోయాయి. వాలీ కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు.

"మా ఆవిడ ఐవీ కూడా ఒకసారి ఆరేసింది," అన్నాడు. "కావాలనే. వారం రోజులు దాని మొహం చూడలేదు నేను. ఇప్పుడు అదే లేదు. ఏ శనివారం చూసినా మా దండెం ఖాళీయే. పావురాలు సుఖంగా దిగుతున్నాయి."

వాలీ సుద్దముక్క తీసుకుని బోర్డు అడుగున, అందరి కిందా, 'నోలీన్' అని రాశాడు. పక్కన 'ఆలస్యం' అని చేర్చాడు.

"గడువు దాటింది కదా," అంది నోలీన్, నమ్మలేక.

"దాటింది. చిట్టచివర నువ్వే. వచ్చేవారం బుట్టలు పెందలాడే తీసుకురా, నోలీన్." ఆమెని అతను పేరు పెట్టి పిలవడం అదే మొదటిసారి.

ఇంటికొచ్చేసరికి దుప్పట్లు దండెం మీదే ఉన్నాయి. కెర్రీ ఒక కొస పట్టుకుంటే నోలీన్ రెండో కొస పట్టుకుంది. మడత పెడుతూ దగ్గరికొచ్చినప్పుడు కూతురు అడిగింది.

"ఇక నాతో రావు కదూ?"

"రానే."

కెర్రీ ఆ దుప్పట్లో మొహం దాచుకుని ఏడ్చింది. నోలీన్ మాత్రం ఏం చెయ్యగలదు? చేతిలో కొస వదిలేసి, పిల్లని దగ్గరికి తీసుకుంది.