మాయమవుతున్న ఫోటోలు

హెడ్‌లైట్ ఆర్పేసింది శిల్ప.

చీకట్లోనే దూసుకుపోతోంది స్కూటీ. వెనక జీపు... దగ్గరవుతోంది!

"గట్టిగా పట్టుకో రోశమ్మక్కా!"

ఆత్మకూరు. మొదటి సందు. ఒక్కసారిగా తిప్పేసింది!

జీపు నేరుగా వెళ్లిపోయింది.

"నువ్వు చూసింది మా ఆయన్నేనా పాపా?" వెనక నుంచి అడిగింది రోశమ్మ.

"ఆదెయ్యన్ననే. సురేంద్రబాబు తెడ్డుతో కొట్టినాడు... నీళ్లలో పడిపోయినాడు."

శిల్ప పెళ్లిళ్ల ఫోటోగ్రాఫర్. షూటింగ్‌కి చోటు చూద్దామని సాయంత్రం సోమశిల రిజర్వాయర్‌కి వెళ్లింది. ఫోన్‌లో వరసగా ఫోటోలు తీస్తుంటే ఆ పడవ కంటబడింది. వేలు ఆగలేదు.

చేపల కాంట్రాక్టర్ సురేంద్రబాబు ఆమెను చూడనే చూశాడు. ఒడ్డుకొచ్చి, లాక్ పడకముందే ఫోన్ లాక్కున్నాడు! విదిలించుకుని పరుగెత్తింది. గట్టు మీద మొగుడి కోసం చూస్తున్న రోశమ్మను ఎక్కించుకుని స్కూటీ లాగించింది.

ఫోన్ పోతే పోనీ. తీసిన ప్రతి ఫోటో నెట్‌లో ఇంటికి చేరిపోతుంది. టీవీ కింద నల్ల పెట్టె... నెట్‌వర్క్ స్టోరేజ్. పెన్‌డ్రైవ్‌లో ఎక్కించుకుంటే చాలు, నేరుగా పోలీస్ స్టేషనే!

తల్లి పెంచలమ్మ తలుపు తీసింది. "ఫోన్ ఎత్తవేందే?"

శిల్ప లోపలికి పరుగెత్తింది. కంప్యూటర్... ఫోల్డర్...

ఉన్నాయి!

ఎత్తిన తెడ్డు. సురేంద్రబాబు ముఖం. స్పష్టంగా!

"చూడక్కా..."

ముఖం మాయమైంది.

తెడ్డు మాయమైంది.

ఏమవుతోంది?!

శిల్పకి అర్థమైంది. ఫోన్, పెట్టె రెండూ ముడిపడి ఉన్నాయి. అక్కడ చెరిపితే ఇక్కడా చెరిగిపోతుంది. జీపులో కూర్చుని ఒక్కొక్కటే డిలీట్ చేస్తున్నాడు వాడు!

ఒక్క దూకు. రౌటర్‌కి వచ్చే కేబుల్ పీకేసింది!

రీసైకిల్ బిన్ తెరిచింది. ఖాళీ.

ఒకే ఒక్క ఫోటో మిగిలింది. అందులో పడవ లేదు. సురేంద్రబాబు లేడు. నీళ్లలోంచి పైకి లేచిన చెయ్యి... అంతే.

రోశమ్మ స్క్రీన్‌ని తడిమింది.

"మా ఆయన చెయ్యే... అప్పటికింకా బతికే ఉండాడు పాపా!"

శిల్ప తల తిప్పేసుకుంది. ఈ చెయ్యి ఎవరినీ పట్టివ్వదు.

పెంచలమ్మ ఫోన్ మోగింది. చూసి బిత్తరపోయింది.

"ఏందే ఇది... నీ పేరొస్తా ఉండాది!"

శిల్ప ఫోన్ లాక్కుని చెవి దగ్గర పెట్టుకుంది.

"చెరుపుతా ఉంటే 'ఇంటి స్టోరేజ్ దొరకడం లేదు' అని వచ్చిందమ్మా." సురేంద్రబాబు గొంతు. తాపీగా. "ఇంట్లో ఇంకో కాపీ ఉండాదని నాకు ఇప్పుడే తెలిసింది!"

శిల్ప చూపు తను పీకేసిన కేబుల్ మీద పడింది.

"మీ ఇల్లు తెలుసులే. మా పాప పెళ్లి ఆల్బం కోసం వచ్చినా గదా..."

వీధిలో జీపు ఆగింది!