మంచినీళ్ల కుళాయి

ఉదయం పది నలభై. కాటా మీద చేప. మూడు వందల ఇరవై గ్రాములు.

ఎనిమిది నెలల చేప కిలో తూగాలి. మిగతా బరువు ఏమైంది? మేత దొంగతనమని కంప్లైంట్. దొంగ పేరు కూడా చేపల చెరువు యజమానే రాసిచ్చాడు: మేతక్క.

పదకొండేళ్లుగా ఆ చెరువుకు మేత వేస్తున్న మనిషి ఆఫీసు గదిలో ఓ మూల నిలబడి ఉంది. కూర్చోమన్న వాళ్లు లేరు. కంప్లైంట్ మీద వచ్చిన పోలీసు ఇన్‌స్పెక్టరమ్మకు అక్కడే ఒళ్లు మండింది. తన కుర్చీ ఆమె వైపు జరిపి తాను నిలబడింది. మేనేజరు బల్ల కింద నీళ్ల సీసాల పెట్టె కాలికి తగిలింది.

"రోజూ క్యాను తెస్తుంది, తీసుకుపోతుంది. మేతంతా అందులోనే పోతోంది మేడమ్," అన్నాడు యజమాని.

"క్యానులో ఏముంటుందక్కా?"

"తాగే నీళ్లమ్మా. ఇంటి నుంచి తెచ్చుకుంటా."

"నీళ్లలో ఉప్పెక్కువైనా చేప ఎదగదటగా?" ఇన్‌స్పెక్టర్ మేనేజరు వైపు తిరిగింది. అతను యజమానికి బావమరిది.

"రోజూ ఉప్పు కొలిచే మీటరుతో చూస్తాం మేడమ్. లీటరుకు రెండు గ్రాములే. ఈ చేపకు అదో లెక్క కాదు."

"ముందు ఉప్పు లేని నీళ్లలో ముంచి మీటరుకు సున్నా పెట్టాలిగా, దేంతో పెడతారు?"

"మంచినీళ్లతో."

"ఏ మంచినీళ్లు?"

కిటికీలోంచి కుళాయి చూపించాడు. పైన గోడ మీద ఎర్రరంగుతో 'మంచినీళ్లు' అని రాసి ఉంది.

ఇన్‌స్పెక్టర్ వెళ్లి గ్లాసు నింపుకొచ్చింది.

"తాగండి."

"దాహం లేదు మేడమ్."

"తాగమన్నాను!"

ఒక్క గుక్క. మొహం చిట్లించి కిటికీలోంచి ఉమ్మేశాడు.

పదకొండు ఐదు. జీపు బ్యాటరీ కోసం ఉంచిన డిస్టిల్డ్ వాటర్‌తో మీటరుకు మళ్లీ సున్నా పెట్టారు. కుళాయి నీళ్లు: ఐదు. చెరువు నీళ్లు: ఏడు.

"ఉప్పునీళ్లను సున్నా అనుకుంటే ఏడు కాస్తా రెండవుతుంది. తిన్నదంతా ఆ ఉప్పును తట్టుకోవడానికే సరిపోతే, చేప ఒంటికి పట్టేదేముంది? ఆ కుళాయికొచ్చే బోరు నీళ్లు ఉప్పెక్కి ఎన్నాళ్లయింది?"

"ఏడాది... గోడ మీద మంచినీళ్లనే ఉంది కదా అని..."

"నేను అప్పుడే చెప్పానమ్మా," అంది మేతక్క. "మేత వేసే దానివి, నీ పని నువ్వు చూసుకో అన్నాడీ మేనేజరు."

ఇన్‌స్పెక్టర్ ఆ సీసాల పెట్టెను కాలితో బయటకు లాగింది.

"ఈమె నీళ్లు తెచ్చుకుంటే దొంగ. మీరు తెచ్చుకుంటే మేనేజరా? సిగ్గుండాలి!"

యజమాని గొంతు సవరించుకున్నాడు.

"జరిగిందేదో జరిగింది. రేపటి నుంచి పనిలోకి వచ్చెయ్, మేతక్కా."

మేతక్క కుర్చీలోంచి లేచింది. మొదటిసారి అతని కళ్లలోకి చూసింది.

"చెరువు గట్టు మీద అందరి ముందు దొంగన్నారు. అక్కడే, అందరి ముందు కాదని చెప్పండి. ఆ గోడ మీది మాట కూడా చెరిపించండి. అప్పుడొస్తా."

క్యాను తీసుకుని బయటకు నడిచింది.