లెటర్ల ధనంజయ కూతురు

ఆ ఇంట్లో పొద్దున్నే అందరికంటే ముందు లేచేది ధనంజయ ఫోను. మనుషులు లేచేది ఆ తర్వాతే.

ఆవేళ కూడా అంతే. లీలావతి పొయ్యి మీద పొంగణాల పెనం పెట్టిందో లేదో, ఫోను మోగింది. కాట్పాడి నుంచి తోడల్లుడు. వాళ్ల వియ్యంకులు తిరుమలకు వస్తున్నారట, ఎమ్మెల్యే లెటరు ఒకటి ఇప్పించాలట. ఆ లెటరుంటే కొండ మీద గంటల తరబడి క్యూలో కూర్చునే పని తప్పుతుంది. తిరుపతి దగ్గర్లో కాపురం ఉండేవాళ్లకు చుట్టాల నుంచి ఈ బెడద ఎప్పుడూ ఉండేదే. కాకపోతే ధనంజయకు అది బెడద కాదు, పండగ.

"దానికేముండాది అన్నా, నేనుండాను కదా! ఈ పొద్దు శుక్రవారమే. ఎమ్మెల్యే ఆఫీసుకే పోతా ఉండా. ఆధార్లు పంపించు, చాలు" అన్నాడు గొంతు పెంచి, పక్కింటికి కూడా వినపడేట్టు.

చుట్టపక్కాల్లో అతనికి లెటర్ల ధనంజయ అనే పేరు. ఇంటి వెనక షెడ్డులో మరమగ్గాలున్నాయి. అవి ఒక పూట ఆగినా ఆగుతాయి గానీ, శుక్రవారం ఎమ్మెల్యే పరంధామయ్య ఆఫీసుకు పోవడం మాత్రం ఆగదు. బెంగుళూరు వాళ్లకూ, చెన్నై వాళ్లకూ, ముఖమైనా తెలియని వేలువిడిచిన చుట్టాలకూ దర్శనాలు చేయించిన పుణ్యాత్ముడు. తను కొండెక్కి ఏళ్లయింది, అది వేరే సంగతి.

కూతురు హేమశ్రీ గడప దగ్గర కూర్చుని కొత్తిమీర తుంచుతోంది. తిరుపతిలో డిగ్రీ రెండో ఏడు చదువుతున్న పిల్ల, ఆ వేళకు బస్సులో ఉండాలి. వారం రోజులుగా ఇంట్లోనే ఉంది. పుట్టుకతోనే ఆ పిల్ల ఎడమకాలు పొట్టి, సన్నం. గోడలు పట్టుకుని, స్నేహితురాళ్ల భుజాలు పట్టుకుని ఇంతదూరం నెట్టుకొచ్చింది. పోయిన వారం మెట్టు మీద కాలు పెడుతుండగానే బస్సు కదిలి, కింద పడింది. మోచేతి దెబ్బ మానింది గానీ భయం మాత్రం పోలేదు.

"ఏం పాపా, కాలేజీకి పోలేదే?" అన్నాడు ధనంజయ పొంగణం చట్నీలో అద్దుకుంటూ, ఆ రోజే గమనించినట్టు.

"మానేస్తా నాయనా. ఇంట్లోనే మిషను కుట్టుకుంటా" అంది హేమశ్రీ తలెత్తకుండా.

లీలావతి పెనం దించి వచ్చి మొగుడి ఎదురుగా కూర్చుంది. "మానేసేదేంది? ఇదిగో చూడయ్యా, మన ఊరి సచివాలయంలో చెప్పినారు. కాళ్లు బాగలేని పిల్లోళ్లకు గవర్నమెంటు ఈ ఏడు కూడా మూడు చక్రాల మోటారు బండి ఇస్తా ఉండాదంట. ఎమ్మెల్యే ఆఫీసులో ఈ పొద్దే అర్జీలు తీసుకుంటారంట, రేపట్నుంచి తీసుకోరంట. నువ్వెట్టాగూ ఆడికే పోతా ఉండావు. మన పాప గురించి కూడా ఒక మాట అడుగు."

ధనంజయ చేతిలో పొంగణం చేతిలోనే ఉండిపోయింది.

"కాళ్లు బాగలేనోళ్లా? నా బిడ్డకేమైంది? రవంత కాలీడుస్తాది, అంతే కదా! దానికి వికలాంగురాలని సర్టిఫికెట్ తీసి, ఆ బండి మీద కూర్చోబెట్టి, ఎమ్మెల్యే పక్కన ఫోటో తీయించి, ఊరంతా చాటాల్నా? రేపు సంబంధాలొస్తే ఏమని చెప్పేది?"

"వచ్చేవాళ్లకు కళ్లుండవా అయ్యా?"

"గమ్మునుండు లీలా! ఇంకోసారి ఆ మాట ఎత్తినావంటే బాగుండదు."

మూలన కూర్చుని వక్క నములుతున్న ధనంజయ తల్లి చౌడేశ్వరమ్మకు ఒళ్లు మండింది. "ఊళ్లోవాళ్ల కోసమైతే వొంగి వొంగి దండాలు పెడతావు. నీ బిడ్డకు అడగాలంటే నడుం పట్టేసిందారా?"

ధనంజయ లేచాడు. చెయ్యి కడుక్కుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, స్కూటరెక్కి వెళ్లిపోయాడు. ఆ స్కూటరు చప్పుడు వీధి మలుపు దాటగానే చౌడేశ్వరమ్మ కోడలి వైపు తిరిగింది.

"ఏమే లీలా, ఇంకా ఏం చూస్తా ఉండావు? చీర మార్చుకో. పాపను పిల్చుకోని బయల్దేరు" అంది చౌడేశ్వరమ్మ.

"ఆయన ఆడనే ఉంటాడు కదత్తా."

"ఉండనీలే. ఆ ఆఫీసేమన్నా వాడు కట్టించినాడా?"

"వద్దవ్వా, నాయన కోప్పడతాడు" అంది హేమశ్రీ.

"వాడి కోపం నాకు తెలీదా? మధ్యాన్నం సంగటి ముద్దతో పాటే దిగిపోతాది. మీరు పొండి. వంట నేను చూసుకుంటా."

అత్తాకోడళ్లకు ఒక్క విషయంలో కూడా పొత్తు కుదరదని ఆ వీధిలో చెప్పుకునేవాళ్లు ఆ పొద్దు ఆ ఇంటికొచ్చి చూడాల్సింది.

శుక్రవారం వస్తే ఎమ్మెల్యే ఆఫీసు ముందు షామియానా వేస్తారు. కుడివైపు కుర్చీలు దర్శనం లెటర్ల వాళ్లవి. ఇస్త్రీ చొక్కాలు, చేతుల్లో ఫోన్లు, కులాసా కబుర్లు. ఎడమవైపు అర్జీల వాళ్లు. పింఛను ఆగిపోయిన ముసలమ్మలు, ఆసుపత్రి ఖర్చులకు ముఖ్యమంత్రి సహాయనిధి కోసం వచ్చినవాళ్లు, ఇంటి స్థలం అడిగేవాళ్లు. ఇన్నేళ్లుగా వస్తున్నా ధనంజయ కుడివైపే కూర్చున్నాడు. ఎడమవైపు ఎవరున్నారో తొంగిచూసిన పాపాన పోలేదు.

ఆవేళ మాత్రం చూడాల్సి వచ్చింది. ఆకుపచ్చ చీర, ఎర్రంచు. తన మగ్గం మీద నేసిన చీరే! ఎవరు కట్టుకున్నారబ్బా అని సంబరంగా తల పక్కకు వంచి చూశాడు. లీలావతి. ఆమె పక్కన హేమశ్రీ.

గబగబా వెళ్లి వాళ్ల ముందు వంగి, పళ్లబిగువున అన్నాడు. "ఏందిది? నా పరువు తీయాలనే వచ్చినారా? లెయ్యండి, ఇంటికి పదండి."

"పనైనాక వస్తాం" అంది లీలావతి.

"సర్టిఫికెట్ లేకుండా నీ అర్జీ ఎవరు తీసుకుంటారు?"

"సర్టిఫికెట్ ఉండాది. పోయిన ఏడు మా అక్క ఇంటికని చెప్పి పాపను తిరుపతి పెద్దాసుపత్రికి పిల్చుకుపోయినా కదా, అప్పుడే తీయించినా."

"నాకు చెప్పకుండానా?"

"చెప్పింటే రానిచ్చే వాడివేనా?" అంది లీలావతి. "నీకెదురు చెప్పడం నాకేమన్నా సరదానా? బస్సు కింద పడబోయింది నా బిడ్డ. ఆ పొద్దు నుంచి నాకు నిద్ర లేదు. నీకు లెటర్లుండాయి, చుట్టాలుండారు. నాకు ఇదొక్కటే ఉండాది."

చుట్టూ ఉన్నవాళ్లు చూస్తున్నారు. ధనంజయ ముఖం కందగడ్డయింది. "నువ్వు లెయ్ పాపా" అన్నాడు కూతురితో.

హేమశ్రీ ముందు కుర్చీ పట్టుకుని లేచి నిలబడింది.

"లేస్తా నాయనా. నీ మాట నేనెప్పుడు కాదన్నా? కానీ ఇంక కాలేజీ మాట మాత్రం ఎత్తొద్దు. ఆ బస్సు మెట్టు నేనెక్కలేను. రోజూ ఎవరో ఒకరు చెయ్యి పట్టి లాగాల, ఎవరో ఒకరు అయ్యో పాపం అనాల. బండి మీద పోతే జనం చూస్తారంటావుండావే, ఇప్పుడు చూడ్డంలేదా నాయనా?"

ఇంతలో ఎమ్మెల్యే పీఏ గురప్ప గుమ్మంలోంచి కేకేశాడు. "ధనంజయా, నీ లెటరు రెడీ అప్పా, వచ్చి తీసుకో! అర్జీల్లో హేమశ్రీ అంట, ఎవరమ్మా? లోపలికి రా!"

లీలావతి మొగుడి వైపు చూడలేదు. కూతురి చెయ్యి పట్టుకుని లోపలికి నడిచింది. ధనంజయ కూడా వెళ్లక తప్పలేదు. గురప్ప ఇచ్చిన లెటరు అందుకుని తలుపు పక్కనే నిలబడిపోయాడు.

ఎమ్మెల్యే పరంధామయ్య అర్జీ చూసి, "మన ధనంజయ కూతురా!" అంటూ కళ్లద్దాలు పైకి జరుపుకున్నాడు. "ఏం చదువుతా ఉండావమ్మా?"

"డిగ్రీ సార్. బాటనీ."

"మంచిది. పోయిన ఏడు కూడా బండ్లొచ్చినాయి కదమ్మా! మన కోటాలో ఒకటి అడిగేవాళ్లు లేక వెనక్కి పోయింది. అప్పుడే వచ్చింటే నీకీ అగచాట్లు తప్పిండేవి కదా. ఎందుకు రాలేదు?"

హేమశ్రీ ఒక్క క్షణం తండ్రి వైపు చూసింది. వెంటనే చూపు తిప్పుకుంది.

"మా ఇంట్లో ఎవరికీ తెలీదు సార్."

గురప్ప చటుక్కున తలెత్తాడు. బండ్లు పంచిన రోజు వేదిక ముందు నిలబడి అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టినవాడు ధనంజయే. ఆ సంగతి గురప్పకు తెలుసు, ఎమ్మెల్యేకూ తెలుసు. హేమశ్రీకీ తెలుసు. ఆ సాయంత్రం ఇంటికొచ్చి ఆ సంబరమంతా అన్నం ముందు కూర్చుని చెప్పింది అతనే. అయినా ఆ పిల్ల అబద్ధం చెప్పింది. నలుగురిలో తండ్రి తల దించుకోకూడదని చెప్పింది.

ధనంజయ తలుపు దగ్గర నుంచి ఒక అడుగు ముందుకు వేశాడు.

"అబద్ధం సార్" అన్నాడు.

అందరూ అతని వైపు తిరిగారు.

"పాప అబద్ధం చెప్తా ఉండాది. నాకు తెలుసు సార్. నేనే రానీలేదు." కూతురి వైపు చూసి, మళ్లీ అందుకున్నాడు. "పాప కాలు బాగలేదని నేను ఏ పొద్దూ ఒప్పుకోలేదు సార్. ఊరందరికీ ఏదో ఒక పని చేసి పెడతా ఉంటే, నా బిడ్డ కాలి మాట నా ముందర ఎవరూ ఎత్తరులే అనుకున్నా. ఎవరూ ఎత్తలేదు సార్. ఆఖరికి నా బిడ్డ కూడా ఎత్తలేదు. ఎంత నొప్పి పడిందో నాతో చెప్పలేదు."

లీలావతి కొంగు నోటికడ్డం పెట్టుకుంది. హేమశ్రీ "నాయనా, చాల్లే" అంది మెల్లిగా.

పరంధామయ్య కుర్చీలోంచి లేచి వచ్చి ధనంజయ భుజం తట్టాడు. "ఒక్క మాట చెప్తా విను ధనంజయా. దర్శనం లెటరు నేనిస్తే ఇచ్చినట్టు, లేదంటే లేదు. దానికి నువ్వు నన్ను బతిమాలుకోవచ్చు. ఇది అట్లా కాదు. ఇది ఆ పిల్లకు రావాల్సింది. నేను రాసి పైకి పంపే వాణ్ణి, అంతే. దీనికి ఎవరూ తల దించుకోవాల్సిన పన్లేదు. ముందు పాప బండి నడపగలదో లేదో చూద్దాం పదండి. ఆఫీసు వెనక ఒకటి పెట్టించినాం."

ఆఫీసు వెనక ఖాళీ మైదానం. ఎర్రరంగు మూడు చక్రాల బండి ఎండలో మెరుస్తోంది. సంక్షేమ శాఖ నుంచి వచ్చిన గ్రేసీ మేడం హేమశ్రీని సీటు మీద కూర్చోబెట్టి, ఇది బ్రేకు, ఇది యాక్సిలేటరు, కాలితో పనే లేదు, అంతా చేత్తోనే అని చూపించింది.

బండి ఒక్క కుదుపు కుదిపి ఆగింది. "అమ్మో!" అని లీలావతి గుండెల మీద చెయ్యేసుకుంది. రెండోసారి బండి కదిలింది. మొదట నత్తలా, తర్వాత కాస్త చురుగ్గా. హేమశ్రీ పెదవి కొరుక్కుంటూ హ్యాండిలు పట్టుకుని మలుపు తిప్పింది. ఆ తర్వాత ఆ పెదవి మీద నవ్వొచ్చింది. ఇంట్లో ఎవరూ చాన్నాళ్లుగా చూడని నవ్వు. చున్నీ గాలికి ఎగురుతుంటే మైదానం అటు చివరికి దూసుకుపోయింది.

"మెల్లిగా పాపా! మెల్లిగా!" ధనంజయ చేతులు చాపుకుంటూ వెనక పరుగెత్తాడు. ఒక చెప్పు ఊడిపోయింది. అయినా ఆగలేదు. రొప్పుతూ ఎంత పరుగెత్తినా బండి అందలేదు.

ఇన్నాళ్లూ తండ్రీకూతుళ్లు ఎక్కడికి పోయినా ధనంజయే నాలుగడుగులు ముందు నడిచేవాడు. పక్కపక్కన నడిస్తే జనం ఇద్దరి నడకా పోల్చి చూస్తారని అతని భయం. వెనక ఆ పిల్ల ఒక్కతే కాలీడ్చుకుంటూ వచ్చేది. ఒక్క రోజైనా ఆగు నాయనా అని అడగలేదు. ఆ సంగతి అతనికి ఆ మైదానం మధ్యలో, ఒంటి చెప్పుతో పరుగెడుతుంటే తెలిసింది.

అటు చివర గోడ దగ్గర బండి ఆగింది. హేమశ్రీ వెనక్కి తిరిగి చూసింది.

"పరుగెత్తొద్దు నాయనా, పడతావు! మెల్లిగా రా. నువ్వొచ్చేదాకా నేనీడనే ఉంటా!"

ధనంజయ నడిచి వచ్చాడు. బండి పక్కన మట్టిలో కూలబడి, కూతురి ఎడమపాదం రెండు చేతులా పట్టుకున్నాడు. పుట్టిన బిడ్డను ఎత్తుకున్న రోజు తర్వాత ఆ పాదాన్ని ముట్టుకోవడం అదే మొదలు. వెక్కి వెక్కి ఏడ్చాడు.

"లెయ్ నాయనా" అంటూ హేమశ్రీ వంగి చున్నీతో అతని ముఖం తుడుస్తోంది గానీ, ఆ పిల్ల కళ్లూ కారిపోతూనే ఉన్నాయి.

ఊడిపోయిన చెప్పు చేత్తో పట్టుకుని లీలావతి దగ్గరికి వచ్చింది. గ్రేసీ మేడం సరేనందనీ, ఎమ్మెల్యే గారు సంతకం పెట్టేశారనీ, నెల తిరిగేలోపే బండి వచ్చేస్తుందనీ ఒక్క గుక్కలో చెప్పేసింది. అప్పుడు చూసుకుంది, షామియానా కింద ఉండాల్సిన జనమంతా మైదానం గట్టు మీదికి చేరి తమనే చూస్తున్నారు.

"లెయ్యయ్యా, అందరూ చూస్తా ఉండారు" అంది మెల్లిగా.

ధనంజయ కూతురి పాదం వదల్లేదు.

"చూడనీ లీలా" అన్నాడు. "చూస్తే చూడనీ. నా బిడ్డే కదా."